తిరస్కారానికి ఒక ఉదాహరణ

నిఘంటువు కార్యాలయంలో ఆయనను అందరూ అర్థాలాయన అంటారు. తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఆ ఉదయం రెండు పనులు పెట్టుకున్నాడు: 'తిరస్కారం' అన్న పదం ముగించడం, ఉద్యోగం ఖాయం చేయమన్న తన దరఖాస్తును సంపాదకుడికి మరోసారి గుర్తుచేయడం.

అర్థం తేలిగ్గానే కుదిరింది. 'తిరస్' అంటే పక్కకు, 'కారం' అంటే చేయడం. వద్దనుకొని పక్కన పెట్టడం. అక్కడ ప్రతి ఉదాహరణ వాక్యాన్నీ చీటీ మీద రాసి సంపాదకుడి సంతకం తీసుకోవాలి. "ఈ దరఖాస్తును తిరస్కరించడమైనది" అని రాశాడు. గుండుసూదులు నిండుకున్నాయని ఆ చీటీనీ, తన దరఖాస్తునూ ఒకే సూదితో గుచ్చి లోపలికి పంపాడు. ఎంత చదువుకున్నవాడి బుద్ధయినా ఒక్కోసారి గడ్డి తింటుంది.

వాక్యం బాగుందని సంపాదకుడు సంతకం పెట్టాడు. కింద కాగితం చూడలేదు. చూసే అలవాటే ఉంటే తొమ్మిదేళ్లు పట్టేది కాదు. గుమస్తా మాత్రం రెండూ చూసి, దరఖాస్తును తిరస్కరించినట్టు పుస్తకంలో ఎక్కించి, నంబరు వేసి, ముద్ర కొట్టి, దరఖాస్తులో ఉన్న ఫోనుకు కబురు కూడా చేశాడు. అది ఆయన భార్య ఫోను.

మధ్యాహ్నానికి పక్క బల్ల మిత్రుడొచ్చి ఓదార్చాడు. వెళుతూ వెళుతూ, "ఆ కిటికీ పక్క కుర్చీ నాకిప్పించండి, మీకెలాగూ అక్కర్లేదుగా" అన్నాడు. ఆయనకేమీ అర్థంకాక చూస్తుండగానే భార్య ఫోను చేసింది.

"ఏమండీ, బాధపడకండి. మా అన్నయ్యతో మాట్లాడాను. రేపట్నుంచి సిమెంటు కొట్లో కూర్చోమన్నాడు."

"నీకెవరు చెప్పారు?"

"మీ ఆఫీసువాళ్లే. నంబరుతో సహా."

ఒకే సూదితో గుచ్చిన రెండు కాగితాలూ ఆయనకు గుర్తొచ్చాయి. పొద్దున తేలిగ్గా కుదిరిన అర్థం ఇప్పుడు గొంతులో అడ్డంపడింది. గుమస్తా దగ్గరికి పరుగెత్తాడు.

"అది ఉదాహరణండీ. కొట్టేయండి."

"ఎక్కించాక కొట్టేయడం కుదరదు సార్. అయినా కంగారెందుకు? తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. పాలకవర్గం పది రోజుల్లో చదివి జవాబివ్వాల్సిందే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఇన్నాళ్లూ మిమ్మల్నెవరూ తిరస్కరించలేదుగా సార్."

అప్పీలు పెట్టిన తొమ్మిదో రోజున పాలకవర్గం ఆ దరఖాస్తును మొదటిసారి విప్పి చదివింది. ఉద్యోగం ఖాయమైంది. తిరస్కారం మనిషిని పక్కన పెడుతుంది గానీ, మనిషి ఉన్నాడని ఒప్పుకుంటుంది. తొమ్మిదేళ్లూ తాను బతికింది ఉపేక్షలో అని తలుచుకుంటే, అంత సంతోషంలోనూ ఆయన మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున్నే సంపాదకుడి గది ముందు నలుగురు తాత్కాలిక ఉద్యోగులు వరసగా నిలబడ్డారు, తమను కూడా తిరస్కరించమని.