బొమ్మ తలకు పూర్తి రక్షణ

"క్రీడాకారుల తలలకు ఇకమీదట మా ప్రభుత్వానిదే పూచీ" అని క్రీడల మంత్రిగారు ప్రకటించగానే మా పరిశోధనశాలలో అందరం లేచి చప్పట్లు కొట్టాం. పదకొండు నెలల కృషి ఫలించి, మన ఇంజినీర్లే రూపొందించిన సైకిల్ హెల్మెట్ సిద్ధమైంది. అందులో ఎనిమిది నెలలు రంగుకే పట్టాయి. రంగు మంత్రిగారే ఎంచారు.

అక్కడ పరీక్షల రిజిస్టరు రాసేది నేను. హెల్మెట్ తొడిగిన లోహపు బొమ్మ తలను రెండు మీటర్ల ఎత్తు నుంచి ఇనుప దిమ్మె మీదికి వదులుతారు. తగిలిన దెబ్బ ఎంతో తెర మీద అంకె పడుతుంది. మూడు వందలు దాటితే మనిషి తలకు ముప్పే.

మొదటి పరీక్షకు డైరెక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగవయ్యా! ఆ తల విదేశాల నుంచి తెప్పించింది. మన హెల్మెట్ పెట్టి పడేస్తే దానికేమన్నా అయితే?"

"మరి పరీక్షెలా సార్?" అన్నాడు ఇంజినీరు.

"విదేశీ హెల్మెట్ తొడిగి, మన రంగు వెయ్యి."

ఇంతటి ముందుచూపు నేనెక్కడా చూడలేదు. నూట ఎనభై వచ్చింది. రాశాను.

మన హెల్మెట్ మొదట అందుకున్నది మా చెల్లెలు. ఆదివారం సైకిల్ పందెం దానికి. బొటనవేలితో నొక్కి చూసింది.

"అక్కా, సొట్ట పడింది. మళ్లీ పైకి రావట్లేదే!"

"అది విధేయత తల్లీ" అన్నారు డైరెక్టరుగారు.

"దిగుడులో అరవై మీద పోతాం సార్. పడితే?"

"పడకు. పడరాదని లోపల లేబుల్ మీద రాసే ఉంది."

"పోనీ, ఆ బొమ్మది నాకివ్వండి."

"అది బొమ్మ పేరు మీద ఇష్యూ అయింది. తనకు అభ్యంతరం లేదని బొమ్మ రాసిస్తే చూద్దాం."

నిబంధనల మీద ఆయనకున్న గౌరవానికి చెల్లెలు నోరు మూసుకుంది. చేతులు మాత్రం కట్టుకోలేదు.

శనివారం మంత్రిగారు విలేకరులతో వచ్చారు. బొమ్మ తల పైకి లేచింది. ఆయన వేలు బటన్ మీదికి వెళ్తుండగా నేను డైరెక్టరుగారి చెవిలో విన్నవించుకున్నాను.

"సార్, మా చెల్లెలు నిన్న పొరపాటున బొమ్మ హెల్మెట్ పట్టుకెళ్లినట్టుంది. బొమ్మకిప్పుడు ఉన్నది మనదే."

డైరెక్టరుగారు ఆలోచించలేదు. ఇనుప దిమ్మె మీద వెల్లకిలా పడుకున్నారు. మంత్రిగారు బటన్ నొక్కేశారు, బొమ్మ తల నేరుగా వచ్చి డైరెక్టరుగారి పొట్ట మీద పడింది. బొమ్మకు గీత కూడా పడలేదు.

తెర మీద అంకె వెలిగింది: ఇరవై ఏడు.

"ఇరవై ఏడు!" మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు. "రాసుకోండయ్యా, ప్రపంచంలో ఇంతకంటే భద్రమైన హెల్మెట్ లేదు!"

విలేకరులు రాసుకున్నారు. నేనూ రాశాను. పరీక్షా పద్ధతి అనే గడి దగ్గర ఆగి, డైరెక్టరుగారి వైపు వంగాను.

"ఇక్కడేం రాయమంటారు సార్?"

"ఎప్పటిలాగే అని రాయమ్మా" అన్నారాయన, పొట్ట పట్టుకుని.