అనుభవం ఉన్నవాళ్లు

ఆ ఆదివారం పొద్దున అమ్మాయి అనుకున్నది చిన్న పని. మేడ కింద బళ్లు నిలిపే జాగాలో ఓ టార్పాలిన్ కట్టాలి. ఇంట్లోవాళ్లను కాసేపు దాని కింద కూర్చోబెట్టి మళ్లీ పైకి పంపించేయాలి. భోజనాల వేళకు అంతా అయిపోతుంది.

ఎందుకంటే యూనివర్సిటీ చదువు అయిపోయింది. వరదలొచ్చినచోట, ఇళ్లు కూలినచోట జనానికి సాయం చేసే సంస్థలో పని చేయాలని ఆ పిల్ల పంతం. ఊళ్లో అలాంటి సంస్థ ఒకటుంది. వెళ్లి అడిగితే అక్కడి పెద్ద మేడం అంతా విని, "శిబిరం ఎప్పుడైనా నడిపావా?" అంది. లేదంది అమ్మాయి. "అనుభవం ఉన్నవాళ్లు కావాలమ్మా" అంది మేడం. పని ఇస్తే కదా అనుభవం వచ్చేదని ఈమె, అనుభవం వస్తే కదా పని ఇచ్చేదని ఆమె. చివరికి మేడమే విసిగి, ఏదైనా చేసి సోమవారం వచ్చి చెప్పమంది.

సోమవారం దాటితే మిగిలిన దారి ఒకటే. బాబాయికి కమోడ్లూ కుళాయిలూ అమ్మే కొట్టుంది. గల్లాపెట్టె పక్కన అమ్మాయి కోసం ఒక స్టూలు తుడిచి పెట్టాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆ స్టూలు క్షేమసమాచారాలు చెప్పి వెళ్లేవాడు. లోకాన్ని ఆదుకోవాల్సినదాన్ని కమోడ్లు అమ్ముకోనా అని అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటే, తండ్రి ఆమె కట్టే ఉత్తుత్తి శిబిరంలో బాధితుడిగా కూర్చుంటానని మాట ఇచ్చాడు. ఆయన మాట ఇస్తే మాటే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గనక ఇచ్చిన మాటలూ తక్కువే, నిలబెట్టుకోవడం ఎప్పుడూ బరువు కాలేదు.

టార్పాలిన్ ఒక కొస మెట్ల కమ్మీకి, ఇంకో కొస తండ్రి స్కూటరుకి కట్టారు. తల్లి తనకు వంట ఉందని, బాధితులకైనా తిండి పెట్టేది తనేనని చెప్పి పైనే ఉండిపోయింది. నాయనమ్మ మాత్రం దుప్పటి మూట కట్టుకుని ముందే దిగింది.

"వరదా, భూకంపమా?" అని అడిగింది నాయనమ్మ.

"ఏదో ఒకటిలే నాయనమ్మా."

"ఏదో ఒకటంటే ఎలాగే? దానికి తగ్గట్టు ఏడవొద్దూ?"

భూకంపమని తేల్చారు. నాయనమ్మ గొంతు సవరించుకుంది. తండ్రికి అమ్మాయి జాగ్రత్తగా నేర్పింది. నిజంగా ఇల్లు పోయినవాళ్లకు ఏం జరిగిందో తెలియదు, దిమ్మెరపోయి ఉంటారు, కాబట్టి ఎవరేం అడిగినా ఒకటే మాట అనాలి. తను వద్దనేదాకా రెండో మాట రాకూడదు. ఆయన తలూపాడు. అమ్మాయి మెళ్లో ఈల వేసుకుని, నారింజ రంగు చొక్కా తొడుక్కుని, తాగునీళ్ల బిందె తేవడానికి వీధి చివరికి వెళ్లింది. కొంప మునిగింది అక్కడే.

మూడో అంతస్తు దర్జీ పాలపాకెట్టు కోసం దిగాడు. టార్పాలిన్ చూశాడు. మూట చూశాడు. నాయనమ్మ గుండెలు బాదుకుంటోంది. ఏమైందని తండ్రిని అడిగాడు.

"మాకేం తెలియదు. బయటికి రమ్మన్నారు, వచ్చాం" అన్నాడు తండ్రి.

"ఎవరు రమ్మన్నారు?"

"మాకేం తెలియదు. బయటికి రమ్మన్నారు, వచ్చాం."

తండ్రి అబద్ధమాడే మనిషి కాదని మేడవాళ్లంతా ఎరుగుదురు. దర్జీ చూపు మెట్ల పక్క గోడ మీద పడింది. ఆ గోడకు ఒక బీట ఉంది. మేడ కట్టిననాటి నుంచీ ఉంది. పిల్లలు దానికి కళ్లూ ముక్కూ గీసి ఆడుకున్నారు. ఆ పొద్దున అది కొంచెం పెదవి విప్పినట్టు కనిపించింది దర్జీకి. పాలపాకెట్టు అక్కడే వదిలేసి పైకి పరుగెత్తాడు. ముందు కుట్టుమిషను దింపాడు, తర్వాత పెళ్లాన్ని దింపాడు. ఆ వరస గురించి ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

అమ్మాయి బిందెతో తిరిగొచ్చేసరికి మేడ మొత్తం కింద ఉంది. టీవీలు, పరుపులు, ఒక చిలుక పంజరం. ఇదంతా ఉత్త అభ్యాసమని, మేడకు ఏమీ కాలేదని అరిచి చెప్పింది. జనం ఆ చొక్కా చూశారు, ఈల చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"జనం హడలిపోకుండా అలాగే చెప్తారు" అన్నాడు దర్జీ. "ఈ పిల్ల బాగా నేర్చుకుంది."

ఆమె ఎంత గట్టిగా చెబితే వాళ్లకు అంత నమ్మకం కుదిరింది. నాన్నా, నువ్వైనా చెప్పు అని తండ్రిని బతిమాలింది. తను నేర్పిన మాట ఇక వద్దని మాత్రం అనలేదు. ఆయన తన మాటే చెప్పాడు.

ఇంతలో ఎవరికో అమ్మాయి తల్లి గుర్తొచ్చింది. పైన ఒక ఆడమనిషి చిక్కుకుపోయిందని కేక లేచింది. ఆవిడ వసారాలోకి వచ్చి, కింద ఆ గోలేమిటని అడిగింది. కదలొద్దని ఇరవైమంది ఒక్కసారే అరిచారు. దర్జీ, ఇంకో ఇద్దరూ ప్రాణాలకు తెగించి పైకి వెళ్లి, చేతిలో గరిటెతో సహా ఆవిడను మోసుకొచ్చారు. పొయ్యి మీద కూర మాడిపోతోందని ఆవిడ మొత్తుకుంటే, షాకు తగిలిందని మొహాన నీళ్లు చల్లారు. కాసేపటికి మాడిన కూర పొగ కిటికీలోంచి వచ్చింది. అది చూసి పక్క మేడవాళ్లు కూడా దిగిపోయారు.

మధ్యాహ్నానికి అసలు సంగతి మొదలైంది. పైకి ఎవరూ వెళ్లరు. కిందేమో మరుగుదొడ్డి లేదు. ముందుగా నాయనమ్మ ఏడుపు ఆపి, మనవరాలిని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది. తర్వాత దర్జీ భార్య వచ్చి చెప్పింది. మగవాళ్లు ఊరికే అటూ ఇటూ తిరగసాగారు. గుడారం ఎలా కట్టాలో, బాధితుణ్ణి ఎలా ఓదార్చాలో అమ్మాయి చదువుకుంది గానీ, ఇది పరీక్షలో ఎప్పుడూ రాలేదు. గత్యంతరం లేక బాబాయికి ఫోను చేసింది.

బాబాయి వ్యాను నిండా కమోడ్లతో, వెంట ప్లంబరుతో దిగాడు. జీవితమంతా ఈ పిలుపు కోసమే కాచుకున్నట్టున్నాడు. మురుగు గొట్టం మూత ఎత్తించి, గోడవారగా కమోడ్లు బారుగా పెట్టించాడు. నాయనమ్మ నెత్తి మీది టార్పాలిన్ ఊడదీసి వాటికి తెరలు కట్టించాడు.

"ఆడవాళ్లవి అవతలి చివర పెట్టు. గొళ్లెం లోపల ఉండాలి, బయట కాదు" అన్నాడు. "ముసలమ్మలు లేవడానికి పట్టుకునే కమ్మీ ఏదీ? నీళ్లు ఎడంచేతి వైపా పెట్టేది? తిప్పు."

అమ్మాయి తిప్పింది. సబ్బు పెట్టింది. వరస నిలబెట్టింది. వరసలో ముందుకు జొరబడ్డవాళ్ల మీద ఈల ఊదింది. సబ్బు పెట్టింది. ఆ పూట ఆ ఈలకు అదొక్కటే పని పడింది. బాబాయి మాత్రం బయటికొచ్చిన ప్రతివాణ్ణీ ఎలా ఉందని అడిగి, నీలం రంగులో కూడా దొరుకుతుందని చెబుతున్నాడు.

అప్పుడొచ్చింది సంస్థ జీపు. ఎవరో కబురు పెట్టారు. అందులోంచి పెద్ద మేడం దిగి, మొదట కనపడిన అమ్మాయి భుజాల మీద కంబళి కప్పి, చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టింది.

"మేడం, నేనండీ, సోమవారం మీ దగ్గరికి రావాల్సినదాన్ని."

"అలాగే వద్దువుగాని. ముందు బిస్కెట్టు తినమ్మా" అంది మేడం, ఇలాంటి పలవరింతలు చాలా చూసినదానిలా.

జీపులో వచ్చిన ఇంజినీరు బీటను సుత్తితో కొట్టాడు. కాస్త సున్నం రాలింది. గోడ లోపల రాయిలా ఉందని, ఇది పైపూత బీట అని చెప్పాడు. రెండు మేడల జనం నోళ్లు వెళ్లబెట్టారు. తర్వాత అందరూ తండ్రి మీదికి తిరిగారు. అసలు మిమ్మల్ని బయటికి రమ్మన్నదెవరని దర్జీ నిలదీశాడు. తండ్రి కూతురి వైపు చూశాడు. ఆమె తల వంచుకుని, ఇంక చెప్పెయ్ నాన్నా అంది.

"మా అమ్మాయి" అన్నాడాయన.

ఆ తర్వాత జరిగిన మాటలు రాయదగ్గవి కావు. కుట్టుమిషను మళ్లీ పైకెక్కించాలి కదా. చిలుక కూడా ఏదో అంది.

మేడం ఆ గోలలో లేదు. తెరల బారు దగ్గర నిలబడి ఒక్కొక్కటే చూస్తోంది. గొళ్లెం వేసి చూసింది, కమ్మీ పట్టుకుని ఊపి చూసింది. ఇవెవరు పెట్టించారని అడిగింది. ఎలాగూ మునిగాననుకుని అమ్మాయి తనేనంది, బాబాయి చెప్పాడంది.

"గుడారాలు వేసేవాళ్లు నా దగ్గర బోలెడుమంది. ఓదార్చేవాళ్లు అంతకంటే ఎక్కువ" అంది మేడం. "మరుగుదొడ్ల గురించి మాట్లాడదామంటే అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు. శిబిరంలో జనం జబ్బుపడేది అక్కడేనమ్మా."

అమ్మాయి భుజాల మీది కంబళి తీసేసింది. "అయితే పని ఇస్తారా మేడం?"

"ఇస్తాను. ఒక ఏడాది ఈ పని చేతులారా నేర్చుకుని రా. ఎక్కడ నేర్చుకుంటావో నీ ఇష్టం. ఎక్కడైనా తెలిసిన చోటుందా?"

బాబాయి భుజం మీది తువ్వాలు తీసి, గాలిలోనే ఒక స్టూలు తుడిచాడు.

సోమవారం పొద్దున అమ్మాయి గల్లాపెట్టె పక్కన కూర్చుంది. మొదటి బేరగాడు లోపలికొచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు. అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.