ఆరడుగుల అయిదంగుళాల న్యాయం

మనిషి ఎత్తును దేవుడు నిర్ణయిస్తాడని నమ్మేవాళ్లెవరూ మనీలాలో బాస్కెట్‌బాల్ చూసి ఉండరు. ఇక్కడ దాన్ని నిర్ణయించేది అటార్నీ ప్రిమితివో బుందాలియన్. మా లీగ్‌లో ఎత్తుల విభాగానికి ఆయన అధిపతి. (దేవుడి నిర్ణయం మీద అప్పీలు లేదు. అటార్నీ గారి నిర్ణయం మీద ఉంది. అయితే అది కూడా ఆయన బల్ల మీదికే వెళ్తుంది.)

నిబంధన చిన్నదే. ప్రతి జట్టూ విదేశం నుంచి ఒక్క ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. అతన్ని ఇంపోర్టు అంటాం, ఓడరేవులో దిగే సరుకును అన్నట్టే. అతను ఆరడుగుల అయిదంగుళాలకు మించకూడదు. మించితే మా కుర్రాళ్ల నెత్తి మీంచి బంతి వేసేసి పోతాడని పెద్దల ఆందోళన. అందుచేత ప్రతి జట్టూ ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషిని వెతికి తెచ్చి, ఆరడుగుల అయిదంగుళాలకు దించుతుంది.

ఒకప్పుడు నిలబెట్టి కొలిచేవారు. ఇంపోర్టులు వదులు లాగుల మాటున మోకాళ్లు వంచడంతో పడుకోబెట్టి కొలవడం మొదలైంది. పడుకుని కూడా వంచుతున్నారని తేలాక, ఆ మోకాళ్ల మీదికెక్కి కూర్చోవడానికి ఇద్దరు ఉద్యోగుల్ని నియమించారు. వాళ్లకు ప్రమోషన్లు బరువును బట్టి వస్తాయి. జుట్టు ఎత్తులోకి వస్తుందా రాదా అన్నది ఇంకా ఉపసంఘం పరిశీలనలోనే ఉంది. (సభ్యుల్లో కొందరికి ఈలోగా జుట్టు ఊడిపోయింది.)

నేను దలుయోంగ్ సార్డీన్స్ అనే చేపల డబ్బాల కంపెనీ జట్టులో ఇంపోర్టు సంరక్షకుణ్ణి. విమానం దిగినవాణ్ణి తీసుకురావడం, తిండి పెట్టడం, జట్టు ఓడిపోతే మళ్లీ విమానం ఎక్కించడం నా పని. ఈసారి వచ్చినవాడి పేరు డెలానో రక్కర్. అమెరికావాడు, నలభైకి దగ్గరపడ్డాడు. సైప్రస్, ఉరుగ్వే, లెబనాన్, కొసొవో తిరిగి తిరిగి మా దగ్గర తేలాడు. ఏజెంటు లెక్క ప్రకారం ఆరడుగుల ఎనిమిదంగుళాలు.

మొదటి రోజు సినిగాంగ్ పులుసు జుర్రుకుంటూ తన సంగతి చెప్పాడు.

"పద్నాలుగేళ్లుగా ఆడుతున్నానన్నా. ఒక్క సీజన్ కూడా చివరిదాకా ఆడలేదు. ఎక్కడికెళ్లినా మధ్యలోనే పంపేశారు. ఇదే నాకు ఆఖరుది. ఈ ఒక్కటీ పూర్తిచేసి ఇంటికెళ్లిపోతా."

"చేస్తావులే తమ్ముడూ," అన్నాను. అతనంటే నాకు ఇష్టం కలిగింది. నా ఉద్యోగంలో అది నిషిద్ధం కాదు గాని, ఆరోగ్యకరం కూడా కాదు.

కొలతకు ముందురోజు మేనేజర్ నోనోయ్ ఆబ్రెగానా నన్ను పిలిచాడు. "చూడు టోటింగ్, మూడంగుళాలు దిగాలి. ఎట్లా దించుతావో నీ ఇష్టం."

ఈ శాస్త్రం మాకు కొత్త కాదు. బియ్యం బస్తా రక్కర్ భుజాల మీద పెట్టి జిమ్ చుట్టూ తిప్పాం. తర్వాత కుబావోలో జీప్నీ అనే మా షేర్ జీపు ఎక్కించి ఆంటిపోలో దాకా, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి తీసుకొచ్చాను. జీప్నీ కప్పు కింద మావాళ్లే మెడ వంచి కూర్చుంటారు. పైగా ఆ దారిలో గుంతలకు కొదవ లేదు.

ఎదుటి సీట్లో ఎండుచేపల బుట్ట పెట్టుకున్న ఒక పెద్దావిడ, అతని మోకాళ్లు తన ఒళ్లోకి రావడం గమనించింది.

"ఏం నాయనా, కాళ్లకి వేరే చార్జీ ఇచ్చావా?"

నేను అనువదించాను. "వాటికి సగం టికెట్టమ్మా," అన్నాడు రక్కర్.

"ఇంపోర్టువా? పోయినసారి వచ్చినోడు నీకంటే పొడుగు. వాణ్ణీ పంపేశారు."

"ఎందుకు?"

"ఓడిపోయాక ఎవరో ఒకర్ని పంపాలిగా. కోచేమో ఓనరుగారి బావమరిదాయె."

ఇది అనువదించాక రక్కర్ మోకాళ్లు ఇంకాస్త లోపలికి లాక్కున్నాడు.

మర్నాడు ఉదయం అతను కొలతబల్ల మీద పడుకున్నాడు. మోకాళ్ల ఉద్యోగులు ఆసీనులయ్యారు. అటార్నీ బుందాలియన్ కర్ర జరిపి చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఆరడుగుల నాలుగంగుళాలు."

ఇలాంటిది విభాగం చరిత్రలో లేదు. మోసం ఎక్కడో ఉందని అటార్నీ గారికి అనుమానం వచ్చింది. అతని కాళ్లు ఒకరు, తల ఒకరు పట్టి లాగి కొలిచారు. నిద్రలో వెన్ను సాగుతుందని ఒక కునుకు తియ్యనిచ్చి కొలిచారు. ఆరడుగుల నాలుగే.

రక్కర్ లేచి అటార్నీ గారిని కావలించుకున్నాడు. "పాసయ్యాను," అన్నాడు. గదిలో నవ్వుతున్నది అతనొక్కడే.

నోనోయ్ అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. అనువాదం అక్కర్లేకపోయినా నేనూ వెళ్లాను.

"ఎనిమిదన్నారు కదయ్యా?"

"సైప్రస్‌లో బూట్లతో కొలిచారు సార్. ఆ తర్వాత ఎవరూ కొలవలేదు."

"బూట్లు నాలుగంగుళాలుంటాయా?"

"బూట్లు ఒకటి. ఏజెంటు రెండు కలిపాడు. ఇంకోటి నిజంగానే ఉండేది, వయసు తీసుకుపోయింది." తర్వాత తనే అడిగాడు, "రూల్‌కి లోపలే ఉన్నాను కదా సార్?"

"ఉన్నావు. నా బాధంతా అదే. లోపల ఉండేవాడే కావాలంటే మా ఊళ్లో దొరకడా? అందరూ రూల్ దాటినవాళ్లని దింపుతుంటే, నిన్ను పెట్టుకుని నేనెవర్ని గెలవాలి?"

"బాస్, ప్రాక్టీసులో బాగా ఆడుతున్నాడు," అన్నాను.

"ఆడతాడు. కాదన్నానా?" అని నోనోయ్ ఫోన్ తీసి ఏజెంటుకు కలిపాడు.

రక్కర్ తన గదికి తిరిగొచ్చాడు. బట్టలు సర్దుకుంటూ నాతో అన్నాడు, "ఓడిపోయానని పంపారు. మోకాలు వాచిందని పంపారు. క్లబ్బు దివాలా తీసిందని కూడా పంపారు. రూల్ ప్రకారం ఉన్నానని పంపడం మాత్రం ఇదే మొదలన్నా." నాకు సిగ్గేసింది. ఇంకేం చెయ్యాలో తెలియక, శనివారం విమానం దాకా అతను ఉండాల్సిన లాడ్జికి అతని పెట్టె మోశాను.

అతని స్థానంలో వచ్చిన సెర్బియా కుర్రాడు జట్టు బస్సులోకి నడుం దగ్గర మడతపడి ఎక్కాడు. కొలత రోజున మోకాళ్ల ఉద్యోగుల్లో ఒకాయన సెలవులో ఉన్నాడు. కుర్రాడు సరిగ్గా ఆరడుగుల అయిదంగుళాలని అటార్నీ గారు ధ్రువీకరించారు.

ఆ శనివారం లీగ్ ఒక ప్రకటన విడుదల చేసింది: మా చరిత్రలో మొదటిసారి, ఆడుతున్న ఇంపోర్టులందరూ ఎత్తు నిబంధనకు పూర్తిగా లోబడి ఉన్నారు. నేను దాన్ని కారు రేడియోలో విన్నాను. లోబడినవాణ్ణి అప్పుడే విమానం ఎక్కించి వస్తున్నాను.