పిట్టకు పెట్టిన కార్టూన్

తండ్రి పెద్ద దినం నాటి పొద్దున కరుణాకర్ వేసుకున్న లెక్క సులువైనది. మంథని దగ్గర గోదావరి గట్టు మీద బాపుకు విస్తరి పెట్టాలి. పిట్ట ముట్టాలి. మధ్యాహ్నానికల్లా కంపెనీ క్వార్టర్‌కు తిరిగి వచ్చి చుట్టాలకు అన్నం పెట్టాలి. చనిపోయినవాడి తరఫున కాకి వచ్చి విస్తరి ముడితే తప్ప ఆ ఇంట్లో ఎవరూ ఎంగిలిపడరు. ఇందులో తేడా వస్తుందని కరుణాకర్‌కు తోచలేదు. బాపు బుచ్చిరాములు బతికున్నన్నాళ్లు పెట్టిన ముద్దను వద్దన్న మనిషి కాడు.

విస్తరిలో అన్నం, మటన్, గారెలు పెట్టారు. పక్కన కల్లు, బీడీ కట్ట ఉంచారు. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. పిట్ట రాలేదు. ఆ రోజు తిథి మంచిది. గట్టు పొడవునా ఇంకా చాలా కుటుంబాల విస్తర్లు ఉన్నాయి. కాకులు పొద్దుటి నుంచి తింటూనే ఉన్నాయి. అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఏదో కోరిక మిగిలింది రా," అన్నాడు చిన్నాయన కైలాసం. బుచ్చిరాములు తర్వాత ఆ ఇంటికి పెద్ద అతనే. "గది తీరుస్తనని దండం పెట్టి చెప్పాలె. ఏ మాటకు పిట్ట ముడితే గదే మీ బాపు కోరిక. మిగిలిన మాటలు లెక్కకు రావు."

"ఏం కోరిక చిన్నాయినా?"

కైలాసం ఆలోచించడానికి సమయం తీసుకోలేదు. "మీ చెల్కల నుంచి నా పొలానికి బాట. అన్న నాతోని శానసార్లు అన్నడు."

మెట్ట చేనులో ఆ బాటకు అడ్డంగా ముండ్లకంప వేసింది బుచ్చిరాములే. ఏటా కొత్త కంప వేయించేవాడు. ఆ సంగతి కరుణాకర్‌కు తెలుసు. కానీ వెనకాల చుట్టాలు ఆకలితో ఉన్నారు. "బాట ఇడుస్త బాపూ," అని దండం పెట్టాడు. కరెంటు తీగ మీద కూర్చున్న కాకి ముక్కు తుడుచుకుంది.

అక్క మమతారాణి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ముందుకు వచ్చింది. "తమ్మీ, బాపుకు నా మీదనే ఫికర్ ఉండె. మంథనిల జాగ సగం నాకిస్తనన్నడు."

కరుణాకర్ భూగర్భ బొగ్గు గనిలో పంపు ఆపరేటర్. ఉద్యోగం అయిపోయిన రోజు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ తర్వాత అతనికి నిలువ నీడ ఆ జాగలోనే. వంటిల్లు ఏ మూల రావాలో కూడా అనుకుని ఉన్నాడు.

"అక్కా, గది ఇంటికాడ మాట్లాడుకుందం."

"నాతోని ఏం మాట్లాడుతవు? బాపుతోని మాట్లాడు. గా విస్తరి ఎట్ల ఎండుతుందో సూడు."

"సగం ఇస్త బాపూ," అన్నాడు కరుణాకర్.

కాకి కదల్లేదు.

"సగం సాలదేమో," అన్నాడు కైలాసం.

జాగ మీదికి ఇంకో మాట రాకముందే కరుణాకర్ తనే ఒక మాట అనేశాడు. "తాగుడు బంద్ వెడ్త బాపూ! ఒట్టు!"

కాకి దిగింది. అది కల్లు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, కరుణాకర్ వైపు చూసి, ఎగిరి మళ్లీ తీగ మీద కూర్చుంది.

"బాపు నమ్ముతలేడు," అంది మమతారాణి. "జాగ మొత్తం అను తమ్మీ. ఒక్క మాట. పీడ పోతది."

"మొత్తం ఇస్తే నేనేడుంటనే?"

"ముందుగాల బాపు ఏడుంటడో సూడు. గిట్లనే తీగల మీద తిరుగుమంటవా?"

వెనకాల ఎవరో ముసలామె ఏడుపు అందుకుంది. కరుణాకర్ చేతులు జోడించాడు. నోరు తెరిచాడు. అప్పుడు అతని కూతురు భూమిక అతని చెయ్యి పట్టుకుంది.

"డాడీ, తాతకు జాగ కాదు. ఆఖరి ఎపిసోడ్."

బుచ్చిరాములు చివరి ఏడాదంతా మంచం మీద పడుకుని మనవరాలి ఫోన్‌లో ఒక సిరీస్ చూశాడు. పేరు 'అడుగు లేని లిఫ్ట్'. అన్నీ బొమ్మలే. అందులో ఒక లిఫ్ట్ కిందికి దిగుతూ ఉంటుంది. దాన్ని నడిపేవాడికి మేక తల. ఒక చోట తలుపు తెరిస్తే చెప్పుల వాన. ఒక చోట గడియారం తలల ఆఫీసర్లు ఖాళీ కుర్చీలకు హాజరు వేస్తుంటారు. ఎవరూ ఎవరినీ ఎందుకని అడగరు. ఇంకో చోట కొందరు మనుషులు మూత తీయని టిఫిన్ డబ్బాలతో కూర్చుని ఉంటారు. తలుపు తెరుచుకుంటే తలెత్తి చూస్తారు. తలుపు మూసుకుంటుంది.

కరుణాకర్ ఒకసారి నిలబడి సగం చూశాడు. "ఏంది బాపూ గిది, తలా లేదు తోకా లేదు?"

"బాయిలుండెనారా తలా తోకా?" అన్నాడు బుచ్చిరాములు. "నాకు గిదొక్కటే సమజైతది."

బుచ్చిరాములు కూడా గని కార్మికుడే; గనిని వాళ్లు బాయి అంటారు. బాయిలో పైకప్పు కూలిన రోజు అతను జ్వరంతో సెలవులో ఉన్నాడు. అతని జట్టు పొద్దున లిఫ్ట్‌లో దిగింది. తిరిగి ఎక్కలేదు. దాని గురించి అతను ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టం తీయించుకుని మరీ భూమికను అడిగింది ఒకటే: "గా లిఫ్ట్ మళ్ల పైకొస్తదా బిడ్డా?" ఆఖరి ఎపిసోడ్ అతను పోయిన మర్నాడు విడుదలైంది.

"పిట్టకు కార్టూన్ పెడ్తరా ఎవలన్న?" అన్నాడు కైలాసం. "నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్యి," అన్నాడు కరుణాకర్. పొద్దుటి నుంచి వచ్చిన కోరికల్లో అతని సొంతది ఏదీ పోనిది ఇదొక్కటే. "బాపూ, నీ లిఫ్ట్ సూపిస్తున్న," అని దండం పెట్టాడు.

భూమిక ఫోన్‌ను విస్తరి పక్కన చెంబుకు ఆనించింది. ఎండకు ఏమీ కనబడలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని ఎండకు వీపు పెట్టి కూర్చుంది. కరుణాకర్ తువ్వాల నీడ పట్టాడు. ఆ నీడలోకి మొదట మమతారాణి తల వచ్చింది. తర్వాత కైలాసం తల. తర్వాత అందరివీ. విస్తరి వాళ్ల వీపుల వెనక్కి పోయింది.

"ఏమైతుందే?" అంది దుర్గవ్వ, బుచ్చిరాములు భార్య. "నాకంత మసక మసకే ఉంది."

"లిఫ్ట్ ఆగింది నానమ్మా. డబ్బాలోళ్ల కాడ."

"కూసున్నరా?"

"లేస్తున్నరు."

"అందరా?"

"అందరు."

"జల్ది ఎక్కుర్రి!" అని కైలాసం ఫోన్‌తో అన్నాడు. "తలుపు మూసుకుంటది!"

"మూసుకోదు చిన్నాయినా. మేకోడు కాలడ్డం పెట్టిండు సూడు," అంది మమతారాణి. "మంచోడే."

ఆఖరివాడు ఎక్కాడు. తలుపు మూసుకుంది. మేక తలవాడు పిడి మీద చెయ్యి వేశాడు. తెర నల్లబడింది.

"పైకి పోయిందా, కిందికా?" అడిగాడు కరుణాకర్.

"తెల్వది డాడీ. గంతే. అయిపోయింది."

"గిదేం మోసమే!" అని కైలాసం వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు. విస్తరి ఖాళీగా ఉంది. కల్లు ఒలికిపోయింది. కాకి తీగ మీదే ఉంది. నీళ్ల దగ్గర ఒక కుక్క మూతి నాక్కుంటూ ఉంది.

సంగతి మొదట మమతారాణికి అర్థమైంది. పిట్ట ముట్టి ఉంటే బాపు కోరిక కార్టూన్. అప్పుడు జాగా లేదు, బాటా లేదు.

"కుక్క తిన్నది," అంది.

"కుక్కనే," అన్నాడు కైలాసం. "రేపు మళ్ల పెట్టాలె."

"పిట్టనే ముట్టింది," అన్నాడు కరుణాకర్.

"నువ్ సూసినవా?" అంది మమతారాణి.

అతను చూడలేదు.

"మటన్ల బొక్కలు గూడ లెవ్వు కదరా," అన్నాడు కైలాసం. "కాకి బొక్కలు నములుతదా?"

దుర్గవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. చీరకు అంటిన ఇసుక దులుపుకుంది.

"పిట్టనే. నా కండ్లతోని సూసిన. అచ్చింది, తిన్నది, పోయింది. మీ బాపు ఇంక దేనికి రాడు. నడువుర్రి, కూర సల్లారుతది."

మొగుడి దినం నాడు ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు అక్కడ లేరు. అందరూ ట్రాలీ ఆటో ఎక్కారు. దారంతా మమతారాణి మొహం బయటికి తిప్పుకుని కూర్చుంది. కైలాసం మాత్రం భూమిక పక్కకు జరిగి, మొదటి ఎపిసోడ్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంటుందా అని అడిగాడు.

క్వార్టర్‌లో చెప్పులు విడిచాక దుర్గవ్వ మొదట వెతుక్కున్నది పొద్దున ఇంట్లోనే మరిచిపోయిన కళ్లద్దాలను.