చావనని మొండికేసిన కణానికి జేజేలు

క్యాన్సర్ కణాన్ని అందరూ తిడతారు. నేను మెచ్చుకుంటాను. అలాంటివి నా ఒంట్లోనే కోట్లలో ఉన్నాయి కాబట్టి మెచ్చుకునే హక్కు నాకుంది.

సంగతేమిటంటే, ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే దవడ కింద గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నెల తిరిగేసరికి దానికి తోబుట్టువులు పుట్టాయి. నేను పట్టించుకోలేదు. మా చెల్లెలు పట్టించుకుంది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. మాట విననివాణ్ణి ఏం చేయాలో ఆవిడకు బాగా తెలుసు. ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

రిపోర్టు వచ్చింది. తెల్ల కణాలు ఉండాల్సినదానికి పదింతలున్నాయి. నెమ్మదిగా ముదిరే రక్త క్యాన్సర్ అన్నారు. బీసీఎల్-2 అనే ప్రొటీను మోతాదు మించి తయారవుతోందట.

డాక్టరమ్మకు నా కూతురంత వయసుంటుంది. కాగితం మీద సున్నాలు చుడుతూ ఓపిగ్గా చెప్పింది. పని అయిపోయాక ప్రతి కణమూ తనంతట తాను చచ్చిపోయే ఏర్పాటు ఒంట్లోనే ఉంటుందట. ఈ ప్రొటీను ఆ ఏర్పాటుకు అడ్డుపడుతుంది. పాత కణాలు పోవు, మంచివాటికి చోటుండదు.

"అంటే అవి దౌర్జన్యానికి వచ్చినవి కావు, కదలనివి. అంతేగా?" అన్నాను.

"అంతేనండీ. అవి చేసే తప్పల్లా వెళ్ళకపోవడమే" అంది.

పాఠకులారా, వెళ్ళకపోవడం తప్పా? మా అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు పంతొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఈలోగా మూడు లిఫ్టులు పోయాయి, ఆయన పోలేదు. మా పత్రిక మేనేజరు మూడుసార్లు రిటైరయ్యాడు. మూడు వీడ్కోలు సభల్లోనూ కళ్ళు తుడుచుకుని, మర్నాడు పదింటికల్లా సీట్లో ఉన్నాడు. వీళ్ళను అనుభవజ్ఞులంటాం. అదే పని ఓ కణం చేస్తే మందు పెట్టి సాగనంపుతామా? ఇదెక్కడి న్యాయం!

ఈ వాదన చెల్లెలికి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. ఆసుపత్రి కారిడార్లోనే నా చేతిలోని మందుల చీటీ లాక్కుంది.

"అన్నయ్యా, నాకు నువ్వొక్కడివే ఉన్నావు. మాత్రలు వేసుకో" అంది.

వేసుకున్నాను. ఆ మాత్ర నేరుగా కణం జోలికి పోదట. ప్రొటీనును పట్టుకుని పనిచేయకుండా ఆపుతుంది. ఆపైన కణం తన దారి తాను చూసుకుంటుంది. అన్నీ ఒక్కసారిగా చస్తే మూత్రపిండాలు తట్టుకోలేవని మోతాదు వారం వారం పెంచారు, నీళ్ళు దండిగా తాగించారు. చెల్లెలు సీసా మీద గీతలు గీసి, గంట గంటకూ ఎంత తగ్గిందో చూసేది. ఐదు వారాలు నేను ఒక్క అక్షరం రాయలేదు.

ఆ ఐదు వారాలూ నా శీర్షిక వచ్చే పేజీలోని ఈ మూలలో మా సబ్‌ఎడిటరు రాసింది. పదకొండేళ్ళుగా నా అచ్చుతప్పులు దిద్దుతున్న మనిషి. నేను లేనని పాఠకులు గగ్గోలు పెడతారని ఎదురుచూశాను. ఉత్తరాలు వచ్చాయి, అన్నీ ఆమెకే. ఒకాయన మాత్రం నన్ను తలచుకున్నాడు. పాతాయనను బాగా విశ్రాంతి తీసుకోమనండి, తొందరేం లేదని రాశాడు.

గడ్డలు చాలావరకు కరిగాయి. రక్తం కుదుటపడింది. ఆరో వారం ఆఫీసుకు వెళ్ళి, నా మూల నాకు కావాలన్నాను. ఎడిటరు వెంటనే సరేనన్నారు. సబ్‌ఎడిటరు కూడా సరేనంది. బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, "సగం రాసింది ఒకటుంది సార్. పారేయమంటారా?" అని మాత్రం అడిగింది.

ఇచ్చి వెళ్ళమన్నాను, తప్పులు పట్టుకుందామని. పెన్ను చేతబట్టుకుని చదివాను. రెండుచోట్ల నవ్వొచ్చింది. ఒక పేరా రెండోసారి చదివాను. పెన్ను మూత తీయాల్సిన పని పడలేదు.

ఆమెకు ఫోన్ చేసి మిగతా సగం రాయమన్నాను.

"రాస్తాను సార్. మరి మీది ఎక్కడ వేస్తారు?"

నిజమే, ఎక్కడ వేస్తారు? పేజీలో ఉన్నది ఒక్కటే మూల.

ఇది నా ఆఖరి రాత. ఇక ఆ మూల ఆమెదే. కణాల మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదంతా ఎడిటరు మీద, మీ మీద. ముప్ఫై ఒక్క ఏళ్ళు రాశాను. అందులో చివరి పదేళ్ళూ రాసిందే రాశాను. ఒక్కరైనా పొమ్మనలేదేమండీ?