ఏసీ కింద థర్మామీటరు

భూమి వేడెక్కడం లేదు! ఈ సంగతిని మా బావగారు పదకొండేళ్లుగా స్వదస్తూరీతో రిజిస్టరులో రాస్తున్నారు గనుక ఇక చర్చ అనవసరం.

ఆయన రోడ్ల ఆఫీసులో పెద్ద అధికారి. నేను ఆయన చేతికింద తారు రోడ్లు వేయించే మేస్త్రీని. ఆ రిజిస్టరులో వేడి నలభై డిగ్రీలు దాటిన రోజున మధ్యాహ్నం పని ఆపాలని రూలు. ఇన్నేళ్లలో ఒక్క పూటైనా ఆగితే ఒట్టు! మొన్నామధ్య కంకర మోసే పెద్దాయన కళ్లు తిరిగి రోడ్డుమీదే పడిపోయాడు. నాకు ఒళ్లు మండి తిన్నగా బావగారి గదిలోకి వెళ్లాను. లోపల ఏసీ చల్లదనానికి నా కోపం సిగ్గులేకుండా సగం దిగిపోయింది.

"బావా, ఎండలు ఏటికేడు ముదిరిపోతున్నాయి. మనుషులు పడిపోతున్నారు. మధ్యాహ్నం పని ఆపించండి."

"అవన్నీ పేపర్లవాళ్ల గోలరా! మా చిన్నప్పుడు ఎండల్లేవా? ఇదిగో రికార్డు, నువ్వే చూసుకో."

చూశాను. ఎండాకాలం ఇరవై నాలుగు. చలికాలమూ ఇరవై నాలుగే!

"థర్మామీటరు ఎక్కడ పెట్టారు బావా?"

గోడకేసి చూపించారు. సరిగ్గా ఏసీ కింద వేలాడుతోంది.

"అది బయట కదా ఉండాలి?"

"బయటా? ఎండకు పాడైపోతే ఎవడు జవాబు చెప్తాడు? ఆఫీసు సొత్తురా అది!"

గాజుగొట్టం మీద ఉన్న ఆ జాలి మనిషి మీద లేదు! ఇంతలో గుమాస్తా ఒక కాగితం తెచ్చి సంతకానికి పెట్టాడు.

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. కాస్త చదివి పెట్టరా," అన్నారు బావగారు.

చదివాను. "ఏటేటా ఎండల తీవ్రత భరింపరానంతగా పెరుగుచున్నందున, ఒక్క ఏసీతో అధికారి ప్రాణమునకే ముప్పు గనుక, రెండవ ఏసీ మంజూరు చేయ ప్రార్థన."

"బావా! మరి ఎండలు పెరగలేదన్నారు?"

"రోడ్డు సంగతి వేరు, నా గది సంగతి వేరురా!" అని సంతకం గీకేశారు.

వారం తిరక్కుండా రెండో ఏసీ దిగింది. ఆ రోజు రిజిస్టరులో పద్దెనిమిది పడింది. మర్నాడు మా పని దగ్గరికి ఉత్తర్వు వచ్చింది. కంకర మోసే పెద్దాయన తలకు తడిగుడ్డ చుట్టుకుని, ఆశగా, "మన గురించేనా మేస్త్రీ? చదవండి," అన్నాడు.

"వాతావరణము మిక్కిలి చల్లగా, ఆహ్లాదకరముగా ఉన్నందున, రోడ్డు పనివారు నేటినుండి మధ్యాహ్నము ఒక గంట అదనముగా పనిచేయవలెను!"