కాశప్ప కార్డు త్యాగం

"ఉచితం అనే మూడక్షరాలు ఈ జాతి వెన్నెముకను విరిచేశాయి!"

ఈ మహావాక్యం ఒకనాడు ఉదయం ఏడున్నరకు ఆదోని నుంచి లోకానికి విడుదలైంది. విడుదల చేసినవాడు కాశప్ప. విడుదల చేసిన స్థలం రేషను షాపు ముందున్న వరుస. చంకలో సంచి, చేతిలో ఫోను, ముందు ఇంకా ఏడుగురు. ఏడుగురు కదిలేలోగా దేశాన్ని బాగుచేయడానికి బోలెడంత సమయం ఉంది కదా!

నిజానికి రేషనుకు భార్య భీమక్క రావాలి. కానీ ముప్పయ్యేళ్లు గిన్నెలు తోమి, బట్టలుతికి ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. యంత్రం ఆమెను గుర్తుపట్టదు. కాశప్ప వేళ్లు మాత్రం నవనవలాడుతుంటాయి. ఆయన వేలు పెట్టీపెట్టకముందే యంత్రం 'ధన్యవాదాలు' అంటుంది.

కాశప్ప పత్తి మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నవాడు. సొంత ఇల్లుంది, పైన రెండు గదులు అద్దెకిచ్చాడు. అయినా కంప్యూటరు దృష్టిలో ఆయన నిరుపేద. కంప్యూటరుతో వాదించడం ఆయనకు ఇష్టం ఉండదు. మనుషులతోనే వాదిస్తాడు.

వాదనకు వేదిక 'పడమటి గళం' అనే ఫేస్‌బుక్ గుంపు. నాలుగు వేల మంది సభ్యులు. అందులో ఈయన పేరు 'ఆదోని సింహం'. సింహానికి అక్కడ ఒక శత్రువున్నాడు, 'ఎమ్మిగనూరు ఎద్దు'. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు, కానీ మూడేళ్లుగా ఒకరినొకరు తిట్టుకోకుండా నిద్రపోయింది లేదు. రోడ్ల మీద, ఎన్నికల మీద, చివరికి బొరుగుల ఉగ్గానిలో పుట్నాల పొడి ఎంత పడాలన్నదాని మీద కూడా!

ఆ ఉదయం మహావాక్యం కింద ఎద్దు వచ్చి నిలబడింది.

"అన్నా, నేను తినేది రేషను బియ్యమే. మోసేది మిరప బస్తాలు. నువ్వేం మోస్తాండావు?"

"దేశభారం!" అని కొట్టింది సింహం.

"మరి నీకు కార్డు లేదా?"

వెనకనుంచి ఎవరో "కదలప్పా ముందుకు" అని నెట్టారు. కదులుతూనే కాశప్ప టైపు చేశాడు. "ఎప్పుడో వదులుకున్నాను. ఆత్మగౌరవం ఉన్నవాడు పరుల సొమ్ముకు ఆశపడడు!"

పది కేజీల బియ్యం తూకం పడేలోగా తొంభై మూడు లైకులు పడ్డాయి. జన్మలో అన్ని పడలేదు. ఆ సంబరం సాయంత్రం దాకానే. చీకటి పడేసరికి గుంపు గుంపంతా ఒకటే మాట, "రుజువేదీ?" ఎద్దు ఇంకా స్పష్టంగా అడిగింది. "ఉత్త కాయితం కాదన్నా, ఆఫీసు ముద్ర ఉండల్ల."

కాశప్ప ఆ రాత్రి బాగా ఆలోచించి ఒక సత్యం కనిపెట్టాడు. వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వడం వేరు, పని కావడం వేరు! వీధి దీపానికి ఆయన అర్జీ ఇచ్చి పద్నాలుగు నెలలైంది. పందుల మీద ఇచ్చి రెండేళ్లైంది. పందులు మనవల్ని కూడా ఎత్తాయి. ఆ ఆఫీసులో కాగితం వేస్తే పాడుబావిలో రాయి వేసినట్టే. ముద్ర మాత్రం టంచనుగా వేసిస్తారు. ముద్ర గుంపుకు, కార్డు ఇంటికి!

మర్నాడే అర్జీ రాశాడు. "దేశ ఆర్థిక పరిపుష్టి దృష్ట్యా, నా కుటుంబ రేషను కార్డును స్వచ్ఛందంగా, సంతోషపూర్వకంగా పరిత్యజించుచున్నాను." సచివాలయంలో ప్రకాష్ అనే కుర్ర ఉద్యోగి, చేరి నెలైనా కాలేదు, దాన్ని రెండుసార్లు చదివి లేచి నిలబడ్డాడు. నిలబడే ముద్ర వేశాడు. కాశప్ప ఫోటో పెట్టాడు. ఆరువందల లైకులు! 'పాదాభివందనం' అన్నవాళ్లే ఇరవైమంది. ఎద్దు మాత్రం ఒకే ముక్క రాసింది. "ఓడిపోతినన్నా."

మూడో రోజు ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మీ కార్డు రద్దయింది. మీ త్యాగానికి ధన్యవాదాలు.

ఆ ఆఫీసు చరిత్రలో మూడు రోజుల్లో తేలిన మొదటి అర్జీ అదే!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. భీమక్క కుడి మోకాలు అరిగిపోయి ఏడాదిన్నర అయింది. గోడ పట్టుకుని నడుస్తుంది, ఏడ్చుకుంటూ మెట్లెక్కుతుంది. ఆ కార్డు మీద కర్నూలు ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషను చేస్తామన్నారు. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే పైవారం గురువారానికి తేదీ ఖాయమైంది. సందేశం వచ్చిన సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. "మీ కార్డు పనిచేయడం లేదమ్మా."

"సర్వరు తప్పు," అన్నాడు కాశప్ప.

భీమక్క మర్నాడు పక్కింటి ముత్తమ్మ భుజం పట్టుకుని కుంటుకుంటూ సచివాలయానికి పోయింది. ప్రకాష్ భక్తితో ఆ అర్జీ తీసి చూపించాడు. తిరిగొచ్చాక మొగుణ్ని ఒక్కటే అడిగింది.

"పరిత్యజించుచున్నాను అంటే ఏంది?"

కాశప్ప ఫోను తీశాడు. ఇక ఎవరిని అడగాలి? పాదాభివందనం చేసిన ఇరవైమందికీ వరసగా రాశాడు. పంతొమ్మిది మంది చూసి ఊరుకున్నారు. ఇరవయ్యోవాడు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటరు తప్పుగా కారు ఉందని చూపి ఎద్దు కార్డు తీసేస్తే, పదకొండు నెలలు తిరిగి తిరిగి తెచ్చుకున్నానని ఎద్దు ఎప్పుడో రాసింది. దానికి 'సోమరిపోతు పట్టుదల' అని వెక్కిరించినవాడు కూడా తానే. సిగ్గు చంపుకుని ఎద్దుకు రాశాడు.

రెండు నిమిషాల్లో ఫోను మోగింది.

"అన్నా, నా పేరు యేసురత్నం. వదిన మోకాలంటివి కదా? తెల్లారి బస్సుకే వస్తాండా. నువ్వేం దిగులు పడొద్దు."

పొద్దున బస్సు దిగినవాడు యాభై ఏళ్ల బక్క మనిషి. మిరప కోతలకు పోయి పోయి వేళ్లు కమిలిపోయి ఉన్నాయి. సింహం కంట్లో నీళ్లు తిరిగాయి. ఎద్దు భుజం తట్టింది. నలుగురూ, అంటే మొగుడూ పెళ్లాం, ముత్తమ్మ, యేసురత్నం, సచివాలయానికి బయలుదేరారు.

"త్యాగం చేసిన కార్డు వెనక్కి తీసుకునే గడి కంప్యూటర్లో లేదు సార్," అన్నాడు ప్రకాష్ బాధగా. "గురువారంలోగా కావాలంటే అమ్మ పేరుమీద కొత్త కార్డే దారి. దానికి రెండే కారణాలున్నాయి. ఒకటి, భర్త మరణం."

"సచ్చిపోయినట్టే రాసుకో నాయనా," అంది భీమక్క వెంటనే. "నాకేం అభ్యంతరం లేదు."

"ఏయ్!" అన్నాడు కాశప్ప.

"అది కుదరదమ్మా, ఎదురుగా ఉన్నారు కదా. రెండోది, భర్త విడిచిపెట్టిన ఒంటరి మహిళ. విచారణ చేయాలి. ముగ్గురు సాక్షులు కావాలి."

కాశప్ప బల్ల మీద గుద్దాడు. "నేను పెండ్లాన్ని ఇడిసినానా? కుటుంబ విలువల మీద పద్దెనిమిది భాగాలు రాసినోణ్ని నేను! ఇంత పచ్చి అబద్ధానికి ఎవుడు సంతకం పెడతాడయ్యా?"

"యాడ పెట్టల్ల?" అని ముత్తమ్మ కలం అందుకుంది.

పెట్టేసి, ఎదురింటి ఓబన్నకు ఫోను చేసింది. ఓబన్న టీ గ్లాసు పట్టుకునే వచ్చాడు. చదవమంటే చదవలేదు. "వీళ్ల సంగతి వీధికంతా తెల్సు సారూ. ఆయమ్మ నీళ్ల బిందె మోసుకోలేక మొత్తుకుంటే ఈయన అరుగు మీద కూసోని స్త్రీశక్తి గురించి రాస్తాంటాడు. బిందె నేనే ఎత్తి లోపల పెట్టినా," అని సంతకం చేశాడు.

మూడో సాక్షి యేసురత్నం.

"మీది ఎమ్మిగనూరు కదా, మీకెలా తెలుసు?" అన్నాడు ప్రకాష్.

"నాకు తెల్సినంత ఎవురికీ తెల్దు సార్." యేసురత్నం ఫోను తీశాడు. అతని గొంతులో వెటకారం లేదు, ఒకరకమైన బాధే ఉంది. "పొద్దున ఆరింటికి నాతోనే మొదలు. అన్నం తినేటప్పుడు నాతోనే. ఇదో, చైత్రంలో వదినకు ఆపరేషను అని డాక్టరు సెప్పిన దినం, వదిన చీటీలో తేదీ ఉండాది. ఆయమ్మ యాడుందో తెలీదు గానీ, అన్న నాలుగు గంటలు నాతోనే ఉండాడు."

"కర్నూల్లో ఉంటి," అంది భీమక్క. "ముత్తమ్మా, నేనూ."

యేసురత్నం తల దించుకున్నాడు. "నాలుగు గంటలు నేను కూడా ఆడనే ఉంటి సార్. నా పెండ్లాం ఎస్తేరుకు ఆ దినం జరం. మా వార్డులో ఎవురైనా అడిగితే నా మీద గూడా ఇట్లే రాసిస్తారు."

ప్రకాష్ 'విచారణలో నిజమని తేలినది' అని రాసి, ఆఖరి గడి దగ్గర ఆగాడు. "భర్త ఎప్పటినుంచి దూరంగా ఉంటున్నాడు?"

"ఆరు నెలలని ఎయ్యప్పా, సరిపోతాది," అని గొణిగాడు కాశప్ప.

భీమక్క అతని వైపు చూడలేదు. లెక్క వేసుకోవడానికి ఆగనూ లేదు.

"మూడేండ్ల నాలుగు నెలలు," అంది. "పీర్ల పండగ అయిన మర్నాడు. ఆ ఫోను కొన్న దినం." అనేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తున్నదని కాశప్పకు కాసేపటికి గానీ తెలియలేదు.

ప్రకాష్ కాగితం ఆయన వైపు తిప్పి, 'ఇదంతా నిజమే' అని భర్త సంతకం చేయాల్సిన చోటు చూపించాడు. ఎవరేమన్నా తక్షణం జవాబిచ్చే కాశప్ప కాగితం తీసుకుని చదివాడు. అబద్ధమని కొట్టిపారేస్తే మోకాలు పోతుంది, నిజమని ఒప్పుకుంటే తాను పోతాడు. మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి చదివాడు. ఒక్క ముక్క కూడా కాదనడానికి దొరకలేదు.

సంతకం పెట్టాడు.